ఓడ ఎక్కిన నాడు

మీలో రైలెక్కనివాళ్ళు బహుశా ఎవరూ ఉండరు. బస్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. విమానం ఎక్కినవాళ్ళు కూడా ఈ రోజుల్లో తరగతికి ఒకరిద్దరు కనిపిస్తారు. కాని ఓడ ఎక్కినవాళ్ళు చేతులెత్తండి అంటే మాత్రం తరగతి అంతా దిక్కులు చూస్తుంది. నేను ముప్ఫై యేడేళ్ళు బడిలో పనిచేశాను. అందులో సగానికి సగం సముద్రపు హోరు వినపడే బడిలోనే. అయినా ఆ ప్రశ్నకు చెయ్యెత్తిన పిల్లవాణ్ణి నేనొక్కణ్ణీ చూడలేదు. ఎవరైనా నన్నడిగితే నేనూ ఎత్తగలిగేవాణ్ణి కాను, 2022వ సంవత్సరం జూన్ నెల దాకా.

ఆ నెలలో విశాఖపట్నం రేవుకు ఒక విహారనౌక వచ్చింది. విహారనౌక అంటే సరుకులు మోసే ఓడ కాదు. జనాన్ని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి చేరవెయ్యటం కూడా దానికి అంత ముఖ్యం కాదు. దానిలో నాలుగు రోజులు ఉండి రావటమే ప్రయాణం. పది పైచిలుకు అంతస్తులున్న పెద్ద హోటలు నీళ్ళమీద తేలిపోతున్నదనుకోండి, అదన్నమాట. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయీ, కోడలూ టికెట్లు కొని పంపి, “మీరిద్దరూ పిల్లను తీసుకుని చెన్నపట్నం దాకా వెళ్ళి రండి” అన్నారు. పిల్ల అంటే మా మనుమరాలు. దానికప్పుడు పదేళ్ళు. ఆ యేడు మన బడులు జూలైలో గాని తెరవలేదు. కనుక చదువు పాడవుతుందన్న బెంగ లేదు.

ఓడలో ఏమేం వింతలుంటాయో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈతకొలనుందనీ, నాటకశాల ఉందనీ, పొద్దస్తమానం తిండి దొరుకుతుందనీ అందరూ చెప్పారు. అసలు నేలమీదినుంచి ఓడమీదికి అడుగు పెట్టటం ఎలాగో మాత్రం మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆనాడు మేము పడిన అవస్థ తప్పేది. సగం తప్పు నాదే అనుకోండి. కాదు, నిజం చెప్పాలంటే మొత్తం నాదే. అందుకనే మీకు ముందుగా చెబుతున్నాను.

మా ఇంట్లో ఓడ ఎక్కినవారు అంతకుముందు ఒక్కరే ఉన్నారు. ఆయన మా తాతగారు. మాది భీమునిపట్నం. 1930 ప్రాంతంలో ఉత్తరాంధ్ర తీరంలోని ఊళ్ళనుంచి వేలాదిమంది కూలిపనికోసం రంగూను వెళ్ళేవారు. భీమిలిలో ఓడ వచ్చి ఆనుకునే గట్టు లేదు. స్టీమరు సముద్రంలో దూరంగా లంగరు వేసుకుని ఉంటే, జనం నాటుపడవల్లో అలలు దాటి దాని దగ్గరకు పోవాలి. పడవ పైకి లేచినప్పుడు ఓడ పక్కన వేలాడే నిచ్చెనను పట్టుకోవాలి. దిగినప్పుడు పట్టుకుందామంటే చెయ్యి అందదు. తాతగారి చేతిలో ఒక రేకుపెట్టె, భుజాన ఒక దుప్పటి. పై అంతస్తు మీద ఆరుబయట చోటు చూసుకుని పడుకోవటమే ఆ టికెట్టుకు దక్కే వసతి. 1942లో జపాను సైన్యం రంగూనును పట్టుకున్నప్పుడు ఆయనకు తిరుగు ఓడ దొరకలేదు. కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చాడు. పెట్టె దారిలోనే పోయింది. నా చిన్నతనంలో ఆయన అరుగుమీద కూర్చుని, “ఓడ ఎక్కటం ఒక్కటే కష్టంరా, ఎక్కాక ఏం లేదు” అంటూండేవాడు. ఆ మాటకు అర్థం నాకు అరవై దాటాక తెలిసింది.

సరే, మన సంగతికి వద్దాం. ఓడ ప్రయాణం రేవులో మొదలు కాదు, ఇంట్లోనే మొదలవుతుంది. టికెట్టు కొన్న తరువాత ప్రయాణానికి కొద్ది రోజుల ముందే మన పేరూ, వయస్సూ, గుర్తింపుకార్డు నెంబరూ అన్నీ కంప్యూటరులో నింపి పంపాలి. అప్పుడు ఓడ ఎక్కటానికి ఒక చీటీ వస్తుంది. దానిమీద మనం రేవుకు ఎన్ని గంటలకు రావాలో కూడా వేస్తారు. వెయ్యిమంది ఒకేసారి వచ్చి పడితే తొక్కిడి అవుతుంది గదా! అందుకని కొందరిని రెండింటికి, కొందరిని మూడింటికి, ఇలా విడదీస్తారు. మాకు మూడు గంటలు వేశారు. ఓడ బయలుదేరేది రాత్రి ఎనిమిదింటికి. కాని ఆరుగంటలకే తలుపు మూసేస్తామని చీటీ కింద చిన్న అక్షరాలతో ఉన్నది. చిన్న అక్షరాలను చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్నవి ఎవరైనా చెబుతారు.

ఆ చీటీతోపాటు పెట్టెలకు కట్టే కాగితాలు కూడా వస్తాయి. వాటిమీద మన పేరు, గది నెంబరు ఉంటాయి. ఎందుకంటే, రేవులో అడుగు పెట్టగానే పెద్దపెట్టెలను మన దగ్గరనుంచి తీసేసుకుంటారు. అవి మనతో రావు. వేరే దారిన పోయి, సాయంత్రానికి మన గది గుమ్మం ముందు ప్రత్యక్షమవుతాయి. ఆ మధ్యలో నాలుగైదు గంటలు పెట్టెలో ఏమున్నా మనకు లేనట్టే. కనుక మందులు, కళ్ళజోడు, డబ్బు, కాగితాలు, పిల్లలకు ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. మా ఆవిడకు రక్తపోటు మాత్రలు వేసుకునే వేళ సాయంత్రం ఐదు గంటలు. ఆవిడ వాటిని పైట చెంగున ముడివేసుకున్నంత పని చేసింది.

చిన్నపిల్లలు తల్లితండ్రులు లేకుండా వెళితే, తల్లీ తండ్రీ సంతకం చేసిన అనుమతిపత్రం కావాలి. అది మా అబ్బాయి ముందే పంపాడు. ప్రయాణం మన దేశంలోనే గనుక పాస్‌పోర్టు అక్కర్లేదు, ఏదైనా గుర్తింపుకార్డు చాలు. అయితే అసలుది కావాలి, నకలు పనికిరాదు. ఇదీ చిన్న అక్షరాల్లోనే ఉన్నది. ఇది నేను చదివాను కూడా. చదివి, జాగ్రత్త కోసం, ముందురోజు సాయంత్రం మా వీధి చివర జిరాక్సు దుకాణానికి మూడు ఆధార్ కార్డులూ పట్టుకుపోయి ఒక్కొక్కదానికి రెండేసి నకళ్ళు తీయించాను. నకళ్ళు ఒక కవరులో పెట్టాను. కార్డులు ఇంకో కవరులో పెట్టాను. పెట్టాననుకున్నాను.

మర్నాడు మూడు కాకముందే రేవుకు చేరాం. అప్పటికి ప్రయాణికుల కొత్త భవనం లేదు. అది 2023 సెప్టెంబరులో తెరిచారు. మీరు వెళితే ఆ భవనం గుండా వెళతారు. మాకు మాత్రం ఒక షెడ్డూ, కుర్చీలూ, పెద్దపెద్ద పంకాలూ. జూన్ ఎండ. ఓడ మాత్రం ఎదురుగానే ఉంది. తెల్లగా, వీధికి ఈ చివరనుంచి ఆ చివరకు ఉన్న మేడలన్నీ ఒకదానికొకటి అతికించినట్టు ఉంది. పిల్ల తల ఎత్తి చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూయటం మరిచిపోయింది.

సామాను తనిఖీ విమానాశ్రయంలో లాగే ఉంటుంది. పెట్టెలు ఎక్స్‌రే యంత్రం గుండా పోతాయి, మనం ఒక చట్రం గుండా నడవాలి. చాకులు, కత్తెరలు, అగరువత్తులు, ఇస్త్రీపెట్టెలు, నీళ్ళు కాచుకునే విద్యుత్తు తీగలు రానివ్వరు. సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే ఫైరింజను రాదు గదా! ఇంట్లో వండిన తినుబండారాలు కూడా కూడదన్నారు. మా ఆవిడ ఆ యేటి కొత్త ఆవకాయ చిన్న జాడీలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, చీరల మధ్య దాచింది. ఎక్స్‌రే యంత్రానికి ఆవకాయ ఎలా కనిపిస్తుందో నాకు తెలియదు గాని, దానిముందు కూర్చున్న అబ్బాయికి మాత్రం తెలిసింది. అతనూ తెలుగువాడే. “అమ్మా, ఇది కుదరదండీ” అని ఎంతో బాధగా అన్నాడు. ఆవిడ జాడీని మా పెట్టెలు మోసిన కూలీ చేతిలో పెట్టి, “ఇంకో వారం ఊరనియ్యి నాయనా, ఇప్పుడే తినకు” అని చెప్పింది.

తరువాత బల్ల దగ్గరకు వెళ్ళాం. అక్కడ కూర్చున్న అమ్మాయి మా చీటీ చూసింది, అనుమతిపత్రం చూసింది, నా కార్డు చూసింది, మా ఆవిడ కార్డు చూసింది. “పాప కార్డు ఇవ్వండి” అన్నది. కవరు తీశాను. మూడోది లేదు. ఇంకో కవరు తీశాను. మూడో కార్డు నకళ్ళు రెండూ ఉన్నాయి. కార్డు లేదు. సంచి అంతా బల్లమీద బోర్లించాను. వెనక ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. అప్పుడు నాకు తెలిసింది. జిరాక్సు యంత్రం మూత కింద ఆఖరున పెట్టిన కార్డు పిల్లదే. నకళ్ళు తీసుకున్నాను, డబ్బిచ్చాను, మూత ఎత్తి చూడకుండా వచ్చేశాను.

“నకలు ఉంది గదమ్మా” అన్నాను. “అసలు ఉండాలండీ. మీ ఇద్దరికీ అయిపోయింది, మీరు వెళ్ళొచ్చు. పాపను మాత్రం ఆరు గంటల్లోపల కార్డు తెస్తేనే పంపగలం” అన్నది. మంచి అమ్మాయి. మాటలో విసుగు లేదు. కాని చెయ్యటానికి ఆ పిల్ల చేతిలో ఏమీ లేదని నాకు తెలుస్తూనే ఉన్నది. ఆ మాట అలాగే చెప్పి ఎందరిని నేను వెనక్కు పంపలేదు!

కుర్చీల్లోకి వచ్చి కూర్చున్నాం. నకళ్ళు పెట్టిన కవరుమీద జిరాక్సు దుకాణం ఫోను నెంబరు అచ్చు వేసి ఉంది. చేశాను. ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం దుకాణం మూసి నాలుగింటికి గాని తెరవడు. అప్పటికి మూడున్నర. భీమిలి ముప్ఫై కిలోమీటర్లు. నేను కారు చేసుకుని వెళ్ళి రావచ్చు. కాని వెళ్ళాక దుకాణం తెరవకపోతే? లెక్కలు చెప్పిన మాస్టారిని గనుక ఆ లెక్క పదిసార్లు చేశాను. పదిసార్లూ ఒకే జవాబు వచ్చింది.

మా ఆవిడ కాసేపు ఊరుకుని, “ఏమండీ, నేనూ పిల్లా ఇంటికి పోతాం. మీరు వెళ్ళి రండి. మీ తాతగారి ముచ్చట మీది. నాకేం ముచ్చట?” అన్నది. నేను మాట్లాడలేదు. అప్పుడు పిల్ల నా చొక్కా అంచు పట్టుకుని, “తాతయ్యా, నేనేం తప్పు చేశాను?” అని అడిగింది.

చూడండి, సరిగ్గా ఆ మాటే నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. పదో తరగతి పరీక్షల్లో ఒకనాడు లెక్కల పేపరు. ఒక కుర్రవాడు హాలు టికెట్టు ఇంట్లో మరిచి వచ్చాడు. నేను వాణ్ణి గేటు దగ్గరే ఆపి ఇంటికి పంపాను. మూడు మైళ్ళ దూరం సైకిలుమీద పోయి, తీసుకుని, చెమటలు కక్కుతూ వచ్చేసరికి పరీక్ష మొదలై అరగంట దాటింది. లోపలికి పంపాను గాని, పోయిన అరగంటను ఇవ్వలేను గదా. టికెట్టు మరిచింది వాడు కాదట, వాళ్ళ నాన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పనికి పోయాడట. “నేనేం తప్పు చేశాను సార్?” అన్నాడు. నియమం అంటే నియమమే అని చెప్పాను. నియమం తప్పని నేను ఇప్పటికీ అనను. కాని వాడు పాసయ్యాడో లేదో నేను ఎన్నడూ కనుక్కోలేదు. కనుక్కోవటానికి ఐదు నిమిషాలు పట్టేది. వాడి పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయను.

“నువ్వేం చెయ్యలేదమ్మా, తాతయ్య చేశాడు” అని పిల్లకు చెప్పాను. ఊరికే కూర్చుంటే ఏడుస్తుందని దాన్ని కంచె దగ్గరకు తీసుకుపోయి ఓడను చూపించాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

మీరు రేవుకు వెళితే రెండు వస్తువులను తప్పకుండా చూడండి. ఒకటి, ఓడను గట్టుకు కట్టిన తాళ్ళు. చాలా లావుగా ఉంటాయి. ఒక్కొక్క తాడుకూ మధ్యలో బండిచక్రం లాంటి రేకుబిళ్ళ ఒకటి తొడిగి ఉంటుంది. అదేమిటని పిల్ల అడిగింది. అది ఎలుకలకోసం! రేవుల్లో ఎలుకలు తాడుమీద నడిచి ఓడ ఎక్కుతాయి. టికెట్టూ లేదు, కార్డూ లేదు. బిళ్ళ దగ్గరకు వచ్చేసరికి దాటలేక వెనక్కు పోతాయి. “వాటికీ కార్డు లేదన్నమాట” అని పిల్ల మొదటిసారి నవ్వింది.

రెండోది ఓడ ఒంటిమీద, నీటికి కాస్త పైన, మధ్యలో గీసి ఉంటుంది. ఒక వలయం, దానికి అడ్డంగా ఒక గీత. పక్కనే నిచ్చెనమెట్లలా చిన్నచిన్న గీతలు. పూర్వం ఇంగ్లండులో కొందరు ఓడల యజమానులు దురాశతో పట్టనంత సరుకు ఎక్కించేవారు. గాలివాన వస్తే అలాంటి ఓడలు కళాసీలతో సహా మునిగిపోయేవి. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు దీనిమీద ఏళ్ళతరబడి పోరాడగా, 1876లో ఓడలకు ఇలా గుర్తు వెయ్యాలని చట్టం వచ్చింది. తమాషా ఏమంటే, గుర్తు ఎక్కడ వెయ్యాలో ఆ చట్టం యజమానికే వదిలిపెట్టింది! ఆ లోపం 1890లో గాని సరిదిద్దలేదు. గీత నీట మునిగేటంత బరువు ఎక్కించకూడదు.

మరి ఒకే గీత చాలదా, ఇన్నెందుకు? దీనికి జవాబు మీ వంటింట్లోనే ఉన్నది. ఒక గ్లాసు మంచినీళ్ళలో కోడిగుడ్డు వేస్తే మునుగుతుంది. నాలుగు చెంచాల ఉప్పు కలిపితే తేలుతుంది. ఉప్పునీరు మంచినీటికన్న బరువు. వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తే, అంత నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి నెడుతుందని ఆర్కిమిడీస్ చెప్పాడు గదా! కనుక సముద్రంలో ఉన్న ఓడ నదిలోకి ప్రవేశిస్తే, అదే బరువుతో ఇంకొంచెం లోతుకు దిగుతుంది. చన్నీరు గోరువెచ్చని నీటికన్న బరువు, అందుచేత అక్కడా తేడా ఉన్నది. పైగా చలికాలపు సముద్రం తుపానులతో ఉంటుంది గనుక అప్పుడు బరువు ఇంకా తగ్గించాలి. ఉప్పునీటికి ఒక గీత, మంచినీటికి ఒకటి, వేడి సముద్రాలకు ఒకటి, చలికాలానికి ఒకటి. ఆ చిన్నగీతలు అవే.

నాలుగు దాటి ఐదు నిమిషాలకు ఫోను ఎత్తాడు. “ఒక్క నిమిషం మాస్టారూ” అన్నాడు. మూత ఎత్తిన చప్పుడు నాకు వినిపించింది. “ఇక్కడే ఉందండీ” అన్నాడు. సంగతి చెప్పాను. తాను దుకాణం వదలలేడు. తమ్ముణ్ణి మోటారుసైకిలుమీద పంపుతానన్నాడు. డబ్బు మాట ఎత్తబోతే, “ముందు బండి కదలనివ్వండి” అన్నాడు.

ఐదుంబావు అయింది. ఐదున్నర అయింది. రేవు లోపలికి బయటివాళ్ళను రానివ్వరు గనుక నేను ప్రధాన ద్వారం దగ్గరకు నడిచిపోయి నిలుచున్నాను. ఐదూ ముప్ఫై ఐదుకు ఆ కుర్రవాడు వచ్చాడు. కార్డును రుమాల్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని వచ్చాడు. నేను దాన్ని పుచ్చుకుని పరుగెత్తాను. అరవై దాటిన మనిషి రేవులో పరుగెత్తుతుంటే లారీడ్రైవర్లు ఆపి చూశారు. బల్ల దగ్గరకు చేరేసరికి ఆరుకు పన్నెండు నిమిషాలుంది. ఆ అమ్మాయి కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, పిల్ల వంక చూసి, “వెచ్చగా ఉందే!” అన్నది. ఆ కుర్రవాడికి థాంక్సు చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. తిరిగి వచ్చాక మొదట వెళ్ళింది ఆ దుకాణానికే.

ఇక మిగిలినదంతా చకచక అయిపోయింది. బల్ల దగ్గర ఒక్కొక్కరికి ఫోటో తీసి, ఒక్కొక్క కార్డు ఇస్తారు. చూడటానికి చీట్లపేకలో ముక్కంత ఉంటుంది. కాని ఓడలో ఉన్నంతకాలం అదే మన గది తాళం, అదే మన డబ్బుసంచి, అదే మన పేరు. ఎక్కేటప్పుడు దాన్ని యంత్రానికి చూపిస్తే మన ఫోటో తెరమీద కనిపిస్తుంది. దిగేటప్పుడూ అంతే. అందువల్ల ఓడలో ఎంతమంది ఉన్నారో, రేవులో ఎవరు మిగిలిపోయారో, కప్తానుకు క్షణంలో తెలుస్తుంది. నేను మా ముగ్గురి కార్డులూ మా ఆవిడకు ఇచ్చేశాను. ఆవిడ అడగలేదు, నేనే ఇచ్చాను.

గట్టునుంచి ఓడకు మెట్లవంతెన వేసి ఉంటుంది. దాని అడుగున చిన్న చక్రాలుంటాయి. ఎందుకంటే ఆటుపోట్లకు ఓడ పైకీ కిందికీ కదులుతుంటే, వంతెన కూడా గట్టుమీద ముందుకూ వెనక్కూ దొర్లాలి. నడుస్తుంటే కాళ్ళకింద సన్నగా కదులుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. కింద నీళ్ళవంక చూడకండి. మా పిల్ల చూసింది, దానికేమీ కాలేదు. నేను చూశాను, నాకు కళ్ళు తిరిగాయి.

ఎక్కగానే అందరూ భోజనశాలకు పరుగెత్తుతారు. మీరు పరుగెత్తవద్దు. ముందు మీ గది ఎక్కడుందో, గది తలుపు వెనక అంటించిన పటంలో మీరు ఆపదలో చేరవలసిన చోటు ఏదో చూసుకోండి. ఓడ బయలుదేరకముందే ఒక అభ్యాసం ఉంటుంది. చిన్న కూతలు యేడు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే ఆపద వచ్చిందని గుర్తు. అప్పుడు అందరూ తమతమ చోటికి చేరాలి. లైఫ్ జాకెట్టు ఎలా తొడుక్కోవాలో అక్కడ చూపిస్తారు. దానికి ఒక ఈలా, ఒక దీపమూ ఉంటాయి.

కొందరు పెద్దవాళ్ళు దీన్ని ఆటగా తీసుకుంటారు. మా పక్కన ఒకాయన అంతసేపూ ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు దానిలో సుమారు 2,200 మంది ఉన్నారు. ప్రాణరక్షణ పడవల్లో చోటు మాత్రం 1,178 మందికే. అప్పటి చట్టం ప్రకారం ఆ పడవలు చాలు! ఆ దుర్ఘటన తరువాతనే, 1914లో, సముద్రంలో ప్రాణరక్షణ గురించి కొన్ని దేశాలు కూడి ఒప్పందం రాసుకున్నాయి. అదైనా ఒక్కసారితో పూర్తి కాలేదు. 2012 జనవరి 13 రాత్రి, ఇటలీ తీరాన, కోస్టా కాంకోర్డియా అనే విహారనౌక రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అభ్యాసం ఇంకా జరగలేదు. బయలుదేరిన 24 గంటల్లోపల ఎప్పుడైనా చెయ్యవచ్చునని అప్పటి నియమం. ఇప్పుడు అలా కాదు. 2015నుంచి, ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో చేసి తీరాలి. మా పిల్ల ఆ యేడు కూతలనూ వేళ్ళమీద లెక్కపెట్టింది. తాళ్ళకు ఎలుకబిళ్ళ ఎందుకో పక్కనున్న ఇంకో పిల్లకు చెప్పింది కూడా.

ఎనిమిది గంటలకు తాళ్ళు విప్పారు. అంత పెద్ద ఓడ కదిలినట్టే తెలియలేదు. గట్టుమీది దీపాలు నడవటం మొదలుపెట్టాయి, అంతే. రేవులో దారి చూపటానికి ఆ రేవు పైలట్ ఒకరు ఓడ ఎక్కి కప్తాను పక్కన నిలుచుంటారు. ఎక్కడ లోతు తక్కువో, ఎక్కడ ఒరవడి ఎక్కువో ఆయనకు తెలుసు. డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా పక్కనుంచి జరిగిపోయింది. దానిమీది దీపస్తంభం వెలుగు మామీదినుంచి తుడుచుకుపోయింది. ఎడమవైపు బీచిరోడ్డు దీపాలు ముత్యాలసరంలా, అవి ఎటు సాగితే అటు మా భీమిలి.

మేము కటకటా పట్టుకుని నిలుచున్నాం. వెలుపలి సముద్రంలోకి వచ్చాక ఒక చిన్న పడవ మా ఓడ పక్కకు చేరి, దానితోపాటు పరుగెడుతూ వచ్చింది. అలలకు అది ఎగిరెగిరి పడుతున్నది. కింద ఓడ ఒంటిలో ఒక తలుపు తెరుచుకుని, వెలుతురు నీళ్ళమీద పడింది. అక్కడినుంచి ఒక తాళ్ళనిచ్చెన వేలాడదీశారు. పైలట్ దానిమీద మెట్టు మెట్టుగా దిగి, ఆఖరు మెట్టుమీద ఆగాడు. పడవ ఒకసారి లేచింది, ఆయన కదలలేదు. రెండోసారి లేచింది. అప్పుడు అడుగు వేశాడు. పడవ తిరిగి దీపాలవైపు వెళ్ళిపోయింది.

పిల్ల చాలాసేపు అటే చూసి, “మీ తాతగారు ఇలాగే ఎక్కారా?” అని అడిగింది.

“ఇలాగే. చేతిలో పెట్టె కూడా ఉంది” అన్నాను.

“పెట్టె చేతిలో ఉంటే నిచ్చెన ఎలా పట్టుకున్నారు?”

ఆ సంగతి నేను ఆయన్ను ఎప్పుడూ అడగలేదు. మా ఆవిడ గదికి పోయి చూసి వచ్చి, మన పెట్టెలు గుమ్మం ముందుకు వచ్చేశాయని చెప్పింది.